కారం మరిగిన బూజు

నా పదవీ విరమణ సభలో మా పెద్దసారు నా గురించి ఒక కథ చెప్పారు. ఆ కథ ప్రకారం మిరప కాయకుళ్ళు గుట్టు విప్పింది ఆయన. నేను పక్కన ఉండి చేదోడు అందించాను. సభంతా చప్పట్లు కొట్టింది. ఫోటోలు తీస్తున్నారు కాబట్టి నేను కూడా కొట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత నాకు కప్పిన శాలువా, అంతకు ముందు విరమించిన మా డ్రైవరు ఆఫీసులో మరిచిపోయి వెళ్ళిన శాలువా. అంచు మీద సాంబారు మరకను బట్టి గుర్తుపట్టాను. అక్కడికక్కడే అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

శాలువా సంగతి వదిలేస్తున్నాను. మరిచిపోయానని కాదు. ఇప్పుడు చెప్పవలసింది ఆ కథ గురించి. తెగుళ్ళ విభాగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు దాన్ని పెద్దసారు చెప్పినట్టే నమ్మి, ఒకరికొకరు చెప్పుకుంటున్నారని తెలిసింది. మొన్న ఒక కుర్రవాడు నేనెవరో తెలియక నాకే చెప్పాడు. అందుకని జరిగింది జరిగినట్టు మీ కోసం రాస్తున్నాను.

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం నరసరావుపేటకు కాస్త ఎడంగా ఉన్న ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గడిచింది. నాది తెగుళ్ళ విభాగం. విభాగం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక మైక్రోస్కోపు, తలుపు సరిగా పడని ఒక ఫ్రిజ్, నేను. నాకు ఆ ఆఫీసులో పేచీకోరని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళు నేను చెప్పిన ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా అబద్ధమని ఇప్పటికీ నిరూపించలేదు. నా గదిలో ఫ్యాను తిరిగేది కాదు. టీ అందరికీ పోశాక అడుగున మిగిలిన మడ్డి నా గ్లాసులోకి వచ్చేది. సమావేశంలో కుర్చీలు చాలకపోతే లేచి నిలబడవలసింది ఎప్పుడూ తెగుళ్ళ విభాగమే. చెప్పకుండా ఊరుకుంటే ఫ్యాను దానంతటదే తిరుగుతుందా?

మా పెద్దసారు కేంద్రానికి అధిపతి, మిరప రకాలు రూపొందించడంలో దిట్ట. అది నేను కాదనను. ఆయన ఎన్నో ఏళ్ళు కష్టపడి ఒక రకం తయారుచేశారు. దాని కారం మామూలు కారం కాదు. మా వైపు మనుషులు మిరపకాయ కారం గురించి మాట్లాడుతుంటే తమ వంశం గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పెద్దసారు ఎవరైనా అతిథి వస్తే ఆ పచ్చి కాయను కరకరా నమిలి, కంట నీరు రానివ్వకుండా నిలబడేవారు. తర్వాత అతిథికి ఒకటి ఇచ్చేవారు. అతిథుల్లో కొందరు మళ్ళీ మా కేంద్రానికి రాలేదు.

అంత కారం ఉన్న కాయను ఏ బూజూ ముట్టుకోదని ఆయన వాదన. ఊరికే అనలేదు, పరీక్ష చేశారు. ఆ కాయలతో కాచిన కషాయాన్ని బూజు పెంచే గాజు ప్లేట్లలో కలిపి, కాయకుళ్ళు కలిగించే శిలీంధ్రాన్ని వాటి మీద పెట్టారు. చుక్క కూడా పెరగలేదు. మామూలు ప్లేట్లలో దూదిలా విరగబూసింది. ఇక అడ్డేముంది? కరపత్రం రాశారు. ఈ రకానికి కాయకుళ్ళు మందు కొట్టనక్కర్లేదని అందులో ఒక వాక్యం, లావు అక్షరాల్లో. నరసరావుపేటలో జరగబోయే రైతు సదస్సులో అది పంచాలి.

నాకు అనుమానం వచ్చింది బెల్లంకొండలో. అక్కడ ఒక మహిళా రైతు, ముందు ఏడాది తన చేను అంచున ఆ రకాన్ని కొంచెం వేసి చూసింది, ఆఖరి కోత కాయలు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి. ఆ కాయలు చూడడానికి మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయిని జీపులో పంపారు. నేను బస్సులో వెళ్ళాను. ఆ అమ్మాయిది మాచర్ల. బాగా చదువుకుంది, మాట కటువు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నా కుర్చీలో కూర్చుంది. తెలియక కూర్చుందని అందరూ అన్నారు. సరే.

చేలో చెట్లు ఏపుగా ఉన్నాయి. కాయలు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కానీ అక్కడక్కడా కాయల మీద లోపలికి కుంగిన మచ్చలు, మచ్చ మధ్యలో గుండ్రంగా నల్లటి వలయాలు. కాయకుళ్ళే. ఎక్కువ లేవు. ఉండడమే నాకు ముఖ్యం. కారమున్న కాయను బూజు ముట్టుకోదన్నదే నిజమైతే ఒక్క కాయకు కూడా రాకూడదు.

ఆ రైతు మా వెంటే గట్టు మీద నడుస్తూ వచ్చింది. ఆమెకు కావలసింది మచ్చలు, వలయాలు కాదు.

"ఈ ఏడు కౌలుకు తీసుకున్న చేలన్నిట్లో ఇదే ఎయ్యబోతన్నా సార్. పెద్దసారేమో మందు కొట్టొద్దంటన్నాడు. కొట్టాలా వద్దా, ఒక్క మాట చెప్పండి. ఇది పోతే నాకు ఇంకోటి లేదు."

సదస్సు నాటికి తేల్చి చెబుతానన్నాను. తిరిగి వచ్చేటప్పుడు జీపులో చోటుందని ఆ అమ్మాయి పిలిచింది. వెళ్ళేటప్పుడు లేని చోటు వచ్చేటప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగి, బస్సులోనే వచ్చాను.

ఇక్కడ కొంచెం చదువు చెప్పాలి. ఓపిక పట్టండి.

మిరపకాయలో కారం మన కూరల కోసం పుట్టింది కాదు. కదలలేని మొక్క, తనను తినడానికి వచ్చేవాళ్ళను నిలువరించడానికి చేసుకున్న విషం అది. గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో దాచుకుంటుంది. ఇక బూజు సంగతి. దానికి నోరు లేదు, పొట్ట లేదు. ఎంజైములనే పనిముట్లను బయటికి వదిలి, తిండిని బయటే కరిగించుకుని, ఆ రసాన్ని పీల్చుకుంటుంది. కొత్త విషం తగిలితే బూజు ముందు ఆగిపోతుంది. చచ్చిందని మనం చేతులు దులుపుకుంటాం. అది చావదు. ఆ విషాన్ని ముక్కలు చేసే ఎంజైమును లోపల తయారు చేసుకోవడం మొదలుపెడుతుంది. సరిపడా తయారయ్యాక మెల్లగా కదులుతుంది. అదే బూజును తీసుకెళ్ళి చక్కెర ఉన్న ప్లేటు మీద పెంచితే ఆ ఎంజైము చేయడం మానేస్తుంది. అక్కర్లేని సామాను ఎందుకు మోయాలి? మళ్ళీ కారం తగిలితే మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ విషయంలో మాత్రం బూజుకూ నాకూ పోలిక లేదు. ఎంత చక్కెర పెట్టినా నేను పాత కారం మరిచిపోను.

ఇదంతా నేను సమావేశంలో లేచి చెప్పాను. లేచి అంటే, ముందే నిలబడి ఉన్నాను, కుర్చీలు చాల్లేదు. పెద్దసారి పరీక్షలో బూజు ఆగి ఉండవచ్చనీ, ఇంకా కొన్నాళ్ళు ప్లేట్లు ఉంచితే కదిలేదేమోననీ, కరపత్రంలో ఆ వాక్యం తీసేయాలనీ అన్నాను. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏందయ్యా, కుర్చీ ఇయ్యలేదని ఫంగస్ పక్షాన చేరావా?"

గది గదంతా నవ్వింది. అకౌంట్సు వాళ్ళు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. ఏ సెక్షన్ ఎంతసేపు నవ్విందో నాకు గుర్తుంది. అయితే పెద్దసారు ఒక మాట అన్నారు, అది న్యాయంగానే అన్నారు. సదస్సు లోపు ఆ కారపు ప్లేటు మీద బూజు పెంచి చూపిస్తే వాక్యం గురించి ఆలోచిస్తానన్నారు.

పని మొదలుపెట్టాను. బెల్లంకొండ కాయల మీది మచ్చల నుంచి బూజును తీసి పెంచాను. ఇక కషాయం. మిరప కారాన్ని స్పిరిట్‌తో లాగాలని పుస్తకాల్లో ఉంటుంది. మా కేంద్రంలో స్పిరిట్ ఉన్న బీరువా తాళం పెద్దసారి దగ్గర ఉండేది. ఎందుకు ఉండేదో రాయను. అందుకని పెద్దసారి పరీక్షకు ఎలా చేశారో నేనూ అలాగే చేశాను: నీళ్ళలో మరగబెట్టించాను.

మరగబెట్టించడం గురించి ఒక మాట. మా కేంద్రంలో మరిగేది ఏదైనా ఒకే చేతి మీదుగా మరిగేది. మా అటెండరుది దుర్గి అనే ఊరు. వాళ్ళ ఇంట్లో రాతి మీద దేవుళ్ళను చెక్కుతారు. ఇతనికి మాత్రం చెయ్యి వంట మీదికి పోయింది. టీ అతనే, పై నుంచి వచ్చిన అధికారులకు భోజనాలు అతనే, బూజుకు తిండిగా ప్లేట్లలో పోసే మీడియా కోసం బంగాళదుంపలు ఉడకబెట్టడం అతనే. ఒకటే వంటగది, ఒకటే పొయ్యి. ప్రయోగశాల గిన్నెలు విడిగా ఉండేవి. అవి శుభ్రంగా ఉండాలన్న విషయంలో నేను చేసిన గొడవ వల్ల అవి మాత్రం నిజంగా శుభ్రంగానే ఉండేవి. అది నా ఘనత. దాన్ని ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు.

కషాయం వచ్చింది. పసుపుపచ్చగా, ఘాటుగా ఉంది. ప్లేట్లు పోశాను. బూజు పెట్టాను. మామూలు ప్లేట్లలో తెల్లగా పొంగింది. కారపు ప్లేట్లలో ఏమీ లేదు. ఆగుతుందని తెలుసు కాబట్టి ఆగాను. ఇంకా ఆగాను. పెట్టిన ముక్క పెట్టినట్టే ఎండిపోతోంది తప్ప ఒక్క పోగు కదల్లేదు. పెద్దసారు రోజూ తలుపు దగ్గరకు వచ్చి, మీ చుట్టాలు లేచారా అని అడిగి వెళ్ళేవారు. చివరికి ఖాళీగా ఉన్న ప్లేటు ఒకటి తీసుకెళ్ళి తన బల్ల మీద కాగితాలకు బరువుగా పెట్టుకున్నారు. సంతకాలకని వెళ్ళిన ప్రతివాడూ నా ఓటమి కింద నుంచి తన కాగితం తీసుకుని వచ్చేవాడు.

నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి. పట్టేది, కానీ కోపంగా పట్టేది. బెల్లంకొండ రైతు ఫోన్ చేసింది, నారు పోశానని. ఏమన్నా తేలిందా సార్ అంది. ఇంకా లేదన్నాను. పెద్దసారు చెప్పినట్టే మందు ఖర్చు మానుకోవాలనుకుంటున్నానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

అప్పుడు మాచర్ల అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చింది. మూత పగిలిపోతే పారేయకుండా కిటికీ పక్కన పెట్టిన ఒక కారపు ప్లేటు ఆమె చేతిలో ఉంది.

"సార్, మీ గదిలో నాలుగు రోజులు వదిలేస్తే చెప్పుల మీద కూడా బూజు పట్టిద్ది. ఈ ప్లేటు మూత లేకుండా ఇన్నాళ్ళ నుంచి పడుంది. దీని మీద ఏమీ రాలేదేంది? రొట్టెల మీద వచ్చే బూజన్నా రావాలి గదా."

చెప్పులు నావి. ఆ మాట ఆమె అననక్కర్లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను నిలబెట్టేసింది. మిరప బూజు కారానికి భయపడవచ్చు. ఊళ్ళో ఉన్న బూజులన్నీ ఎందుకు భయపడుతున్నాయి? అది కారం పని కాదు. ఆ ప్లేటులో ఇంకేదో ఉంది.

ఇద్దరం వంటగదికి వెళ్ళాం. అటెండరు మధ్యాహ్నం పప్పుకు పోపు పెడుతున్నాడు. మళ్ళీ ఒకసారి కషాయం కావాలి, ఎప్పుడూ చేసేటట్టే చెయ్యమన్నాం. మేమిద్దరం గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాం. ప్రయోగశాల గిన్నె తీశాడు. కడిగాడు. నీళ్ళు పోశాడు. ఎండు మిరపకాయలు తుంచి వేశాడు. తెర్లుతుండగా పప్పు వైపు తిరిగి గరిటె తిప్పి, మళ్ళీ ఇటు తిరిగి, చూడకుండానే అల్మారాలో చెయ్యి పెట్టి, ఇంత ఉప్పు, ఇంత పసుపు తీసి గిన్నెలో వేసి కలిపాడు.

నేను గిన్నెలోకి వంగి చూశాను. ఆ అమ్మాయే అడిగింది.

"అదేందన్నా ఏశావు?"

"పసుపమ్మా."

"ఎందుకు?"

"మిరపకాయలు పొయ్యెక్కినయ్యి గదా," అన్నాడు. పసుపు ఎందుకు వేశావని అడిగిన మనిషిని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

మరి బంగాళదుంపల రసంలో వేస్తావా అని నేను అడిగాను. వెయ్యడట. అందులో నేను చక్కెర పోస్తానని తెలుసు కాబట్టి, తీపి దాంట్లో పసుపూ ఉప్పూ ఎవరూ వెయ్యరు కాబట్టి వెయ్యడట. అంటే నా మామూలు ప్లేట్లు మామూలువే. నా కారపు ప్లేట్లు మాత్రం చారు ప్లేట్లు. మొక్కలు చేసుకునే ఆయుధాల్లో పసుపు కూడా ఒకటి. కారం ఒక్కదానితో తలపడమని నేను పంపిన బూజు మీద పసుపు, ఉప్పు, మిరప కలిసి పడ్డాయి. కషాయం పసుపుపచ్చగా ఉంటే అది మిరప గింజల రంగనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

అప్పుడు నాకు ఇంకొక సంగతి తట్టింది. గొంతు తగ్గించి అడిగాను.

"పెద్దసారి పరీక్షకు కూడా ఇట్టనే కాచావా?"

"ఆయనకైతే ఇంకాస్త ఎక్కువేశా సార్. పెద్దాయన గదా."

ఆ అమ్మాయి బయటికి వెళ్ళి, బోరింగు దగ్గర నిలబడి, చాలాసేపు నవ్వి వచ్చింది. అంత మంచి పరీక్ష, లావు అక్షరాల వాక్యం, సదస్సు, అన్నీ ఒక మనిషి చేతి అలవాటు మీద నిలబడి ఉన్నాయి. మిరపకాయ కనిపిస్తే పసుపు వైపు పోయే చెయ్యి అది. మా అమ్మ చెయ్యీ అంతే, మీ అమ్మ చెయ్యీ అంతే.

వెంటనే పెద్దసారికి ఫోన్ చేశాను. పై నుంచి వచ్చిన పెద్దలను తీసుకుని ఆయన విజయపురి సౌత్ వెళ్ళారు. మా కేంద్రానికి ఎవరు వచ్చినా డ్యాము చూపించకుండా పంపడం ఆనవాయితీ కాదు. నా గొంతు వినగానే, ఏదైనా సరే సదస్సు అయ్యాక మాట్లాడదామన్నారు. పసుపు అన్నాను. ఆయనకు లాంచి చప్పుడులో ఏం వినిపించిందో గాని, ఫోన్ పెట్టేశారు.

ఈసారి కషాయం ఆ అమ్మాయే చేసింది. పెద్దసారు తిరిగి వచ్చిన సాయంత్రం స్పిరిట్ తాళం అడిగింది. ఇచ్చారు. నేను అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇవ్వరని నాకు తెలుసు. బూజు కూడా రెండు రకాలుగా పెట్టింది. ఒకటి ఫ్రిజ్‌లో దాచిన బెల్లంకొండ కాయల మీద నుంచి నేరుగా తీసింది. రెండోది అదే బూజు, కానీ నేను చక్కెర ప్లేట్ల మీద తరాలుగా పెంచుతూ వచ్చింది. ఎందుకని అడిగితే, చూద్దాం సార్ అంది. నా ఆలోచనను నాకే చెప్పకుండా వాడుకోవడం నాకు నచ్చలేదు. ఊరుకున్నాను.

ప్లేట్లు ఖాళీగా ఉన్నాయి. మర్నాడూ ఖాళీ. అటెండరు రోజూ వచ్చి తొంగి చూసేవాడు. ఏమీ లేకపోతే అతని మొహం వెలిగేది. అయితే నా పసుపు వల్ల కాదు గదా సార్ అనేవాడు. సదస్సు రోజు పొద్దున నేను తలుపు తీసేసరికి ఆ అమ్మాయి ముందే వచ్చి, నా కుర్చీలోనే కూర్చుని ఉంది. ప్లేట్లు నా వైపు జరిపింది. కాయ మీద నుంచి తీసిన బూజు కారపు ప్లేటును సగం దాకా కప్పేసింది. తెల్లగా, మధ్యలో నారింజ రంగు చుక్కలతో. చక్కెర మీద పెరిగింది అప్పుడే ఒళ్ళు విరుచుకుంటున్నట్టు చుట్టూ సన్నటి నూగు వేసింది. కారం అలవాటైనది ముందే సామాను సర్దుకుని వచ్చింది. అలవాటు తప్పినది ఆలస్యంగా మొదలుపెట్టింది. రెండూ మాత్రం కారాన్ని దాటాయి.

కుర్చీ గురించి ఆ రోజు నేను అడగలేదు. తర్వాత అడిగాను.

జీపు నిండా కరపత్రాలు, ఫ్లెక్సీ, మజ్జిగ డ్రమ్ము. కాబట్టి మళ్ళీ బస్సే. ప్లేట్లు కదిలిపోకుండా స్టీలు టిఫిన్ క్యారియర్ గిన్నెల్లో పేర్చి, ఒళ్ళో పెట్టుకుని పేటకు వెళ్ళాను.

హాలు నిండిపోయింది. వేదిక మీద నాకు కుర్చీ లేదు, అది మీరు ఊహించే ఉంటారు. పెద్దసారు మైకు ముందు నిలబడి, పచ్చి మిరపకాయ నమిలి, కంట నీరు రాకుండా తన రకం గురించి చెబుతున్నారు. మందు కొట్టనక్కర్లేదన్న మాట దగ్గరకు రాగానే నేను వరుసల మధ్యలో లేచి చెయ్యెత్తాను. ఆయన చూశారు.

"మావాడికి ఏదో ఇబ్బందైనట్టుంది. ఆ ఫ్యాను కింద కుర్చీ ఏసి కూచోబెట్టండయ్యా."

హాలంతా నవ్వింది. నేను టిఫిన్ క్యారియర్ విప్పడం మొదలుపెట్టాను. భోజనాలకు ఇంకా టైముంది సార్ అని ఎవరో అన్నారు. ఈసారి నవ్వు వెనక వరుసల దాకా వెళ్ళింది. మీరు ఉద్యోగంలో ఉండగా ఎప్పుడైనా ఒక హాలంతా మిమ్మల్ని చూసి నవ్వుతుండగా, చేతిలో బూజు గిన్నె పట్టుకుని నిలబడి చూడండి. నా ఫిర్యాదులన్నీ నిజమే అయినా, వాటన్నిటి బరువూ ఆ ఒక్క నిమిషంలో ఈ ఒక్క నిజం మీద పడింది.

ముందు వరుసలో బెల్లంకొండ రైతు లేచింది. వేదిక వైపు కాదు, జనం వైపు తిరిగింది.

"నవ్వకండి. ఆయన్ని చెప్పనియ్యండి. రేపు కాయ కుళ్ళితే కౌలు కట్టేది మీరు కాదు, నేను."

నవ్వు ఆగింది. నేను ప్లేట్లు పైకెత్తి చెప్పాను. కారానికి బూజు ఆగుతుంది, తర్వాత దాన్ని విరగ్గొట్టే ఎంజైము చేసుకుంటుంది, తర్వాత తింటుంది. వానలు పడి కాయ తడిసి ఉంటే దానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఈ రకానికీ మందు కొట్టాల్సిందే. పెద్దసారి మొహంలో రంగు మారలేదు. మరి నా ప్లేట్లలో ఎందుకు రాలేదయ్యా, నీ ప్లేట్లలో కూడా మొన్నటిదాకా రాలేదు గదా అని అడిగారు. మంచి ప్రశ్నే. జవాబు నా నాలుక చివర ఉంది.

హాలు చివర మజ్జిగ డ్రమ్ము దగ్గర అటెండరు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆగాను. దయ అనుకోకండి. నా సర్వీసు ఇంకా మిగిలి ఉంది, నా టీ అతని చేతుల్లో ఉంది. ఆ ఆగడం చూసి పెద్దసారు చిరునవ్వు నవ్వబోతుండగా, హాలు చివర నుంచి గట్టిగా వినిపించింది.

"నేనే సార్. కషాయంలో పసుపేశా. ఉప్పు కూడా. మీ దాంట్లోనూ ఏశా."

అప్పుడు వచ్చిన నవ్వు ముందటి నవ్వులాంటిది కాదు. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. వాళ్ళకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. పెద్దసారు వేదిక మీద ఒంటరిగా నిలబడ్డారు. నాకు జీవితంలో అంత సంతోషం కలిగిన నిమిషాలు తక్కువ. అది నిమిషం కూడా నిలవలేదు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన లేచి, చాలా గంభీరంగా అడిగాడు.

"అయితే సార్, పసుపు ఎకరానికి ఎంత కొట్టాల?"

పెద్దసారి కళ్ళలోకి వెలుగు తిరిగి రావడం నేను వరుసల మధ్య నుంచే చూశాను. చాలా మంచి ప్రశ్న అన్నారు. భోజనాల దాకా పసుపు గురించి మాట్లాడారు. తర్వాతి కాలంలో దాని మీద ఒక ప్రాజెక్టు వచ్చింది, ప్రాజెక్టు మీద ఒక బహుమతి వచ్చింది. ఆ సదస్సు వీడియో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. అందులో ప్లేట్లు ఎత్తి పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. చెయ్యి నాది. మొహం లేదు.

కరపత్రాలు ముందే అచ్చయి కట్టలుగా ఉన్నాయి. వాటిని ఆపమని పెద్దసారు చెప్పలేదు, పంచమనీ చెప్పలేదు. మాచర్ల అమ్మాయి ఒక కట్ట విప్పి, బాల్ పెన్నుతో ఆ లావు అక్షరాల వాక్యం కొట్టేయడం మొదలుపెట్టింది. నేను ఇంకో కట్ట తీసుకున్నాను. అటెండరు మజ్జిగ వదిలేసి వచ్చాడు. బెల్లంకొండ రైతు కూడా మెట్ల మీద కూర్చుని కొట్టేసింది. పెద్దసారు మా పక్క నుంచే నడిచి వెళ్ళారు, ఆకాశం వైపు చూస్తూ. ఆ కరపత్రం తీసుకున్న ప్రతి రైతూ అచ్చులో ఉన్నవాటి కంటే ముందు ఆ కొట్టేసిన వాక్యమే చదివాడు. దాని మీద ఇంకా గట్టిగా గీయాల్సిందని నేను ఆ అమ్మాయితో అన్నాను. మీరు గీసినవి చిరిగిపోతున్నాయి సార్ అంది.

ఆ ఏడు కాయ రంగు తిరిగే వేళకు ముసురు పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళలో కాయకుళ్ళు బాగా వచ్చింది. బెల్లంకొండ ఆమె మందు కొట్టింది. కౌలు చేలు నిలబడ్డాయి.

కోతలయ్యాక ఆమె మా కేంద్రానికి వచ్చింది. ఒక బస్తా ఎండు మిరపకాయలు, గాజుల్లా మెరుస్తున్నవి, తెచ్చి పెద్దసారి గదిలో దించింది. ఆయన తన రకం విజయమని ఫోటోగ్రాఫరును పిలిపించారు. పేపరులో వచ్చింది. నేను వరండాలో నుంచుని చూశాను. ఎవరూ నన్ను లోపలికి రమ్మనలేదు. నేను వెళ్ళనూ లేదు.

వెళ్ళేటప్పుడు ఆమె నా గది ముందు ఆగింది. నా మొహం చూసి అర్థం చేసుకుంది కాబోలు.

"మీకు తేలేదని కోపమా సార్? బాగున్న కాయలు పెద్దసారుకి ఇచ్చా. ఆయన చూసి మెచ్చుకుంటాడు. మీకిస్తే ఏం చేస్తారు? అందుకని చెడిపోయినయ్యి మీ కోసం ఏరి తెచ్చా. ఏమయిందో చూసి చెప్పండి."

సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా బల్ల మీద పెట్టింది. ముక్కు పట్టుకుని విప్పాను. ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూశాను. కొన్నింటికి కాయకుళ్ళే. కొన్నింటికి మాత్రం కుళ్ళు కాదు, ఎండదెబ్బకు తెల్లబారాయి. ఆ మాటే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. నా చేను నాకు తెలీదా అంది. కాయ కోసి గింజలు చూపించాను. అయినా ఒప్పుకోలేదు. బెల్లంకొండ బస్సు వచ్చి హారను కొట్టేదాకా గేటు దగ్గర నిలబడి ఇద్దరం వాదించుకున్నాం. బస్సు మెట్టు మీద నుంచి కూడా ఆమె అది కుళ్ళే అంది. కాదు.